పది సెంట్ల పొట్లం

గుంటూరు బ్రాడీపేటలో మా సందు మొగలో ఒక కిళ్లీ బడ్డీ ఉండేది. బడి వదలగానే మా మూకంతా తిన్నగా అక్కడికే పోయేవాళ్లం. తాగినవాళ్లు పారేసిన ఖాళీ సిగరెట్టు పెట్టెలు ఏరుకోవడం మా పని. పెట్టె ముందు అట్ట, వెనక అట్ట మెల్లగా చింపి, అంచులు సాపు చేసి, ఎక్కాల పుస్తకంలో పెట్టి అణిచేవాళ్లం. అవే బచ్చాలు. చార్మినార్ బచ్చాకి విలువ తక్కువ, ఊరంతా తాగేది అదే కాబట్టి. సిజర్సు కాస్త మెరుగు. పొగాకు బేరానికొచ్చిన పైఊరి ఆసామి ఎవరైనా తాగి పారేసిన కొత్తరకం పెట్టె దొరికిందంటే ఆ వారమంతా వాడే మొనగాడు. మట్టిలో గిరి గీసి, తలా కొన్ని బచ్చాలు మధ్యలో పేర్చి, దూరాన నిలబడి బిళ్లరాయితో కొడితే గిరి దాటినవన్నీ కొట్టినవాడివి. మేం అమెరికా బయల్దేరేనాటికి నా దగ్గర రెండొందల పైచిలుకు ఉన్నాయి. పెట్టెల్లో చోటు లేదని అమ్మ వాటన్నిటినీ పక్కింటి పిల్లలకి ఇచ్చేసింది. మద్రాసు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

1970 ఆగస్టులో, నాకు పదేళ్లప్పుడు, పిట్స్‌బర్గ్ పక్కనున్న టర్టిల్ క్రీక్‌లో దిగాం. నాన్న విద్యుత్ యంత్రాల ఇంజనీరు. కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఇళ్లు, కింద లోయలో రైలుపట్టాలు, ఫ్యాక్టరీలు, కాస్త అవతల నది ఒడ్డున ఉక్కు మిల్లులు. ప్రతి ఇంటికీ ముందు ఒక అరుగు. అమెరికాలో అరుగులుంటాయని నేననుకోలేదు. దిగిన మూడో రోజో నాలుగో రోజో, పక్కింటి అరుగు మీద నా ఈడు పిల్లలు నలుగురు ఇటుక గోడకేసి ఏవో అట్టముక్కలు విసురుతూ కనబడ్డారు. చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య కార్డు ఇరికించి, మణికట్టు విదిల్చి వదిలేవాళ్లు. గోడకి ఎవడి కార్డు దగ్గరగా పడితే నేలమీదున్నవన్నీ వాడివి. కార్డు నేల మీద వాలకుండా గోడకి ఆనుకుని నిలబడిపోతే దాన్ని లీనర్ అంటారు. ఇంకొకడి కార్డు వచ్చి దాన్ని పడగొడితే తప్ప ఆట దానిదే. వాళ్ల మాటలు నాకు ఒక్కటీ అర్థం కాలేదు. ఆట మాత్రం చూసిన మరుక్షణం తెలిసిపోయింది. ఇవి బచ్చాలే!

ఆ పోలిక పైపైది కాదని చాలా ఏళ్లకి తెలిసింది. ఆ పిల్లలు విసిరిన బేస్‌బాల్ కార్డులు కూడా సిగరెట్టు పెట్టెల నుంచే పుట్టాయి. పెట్టె నలిగిపోకుండా లోపల పెట్టే గట్టి అట్టముక్క మీద ఆటగాడి బొమ్మ అచ్చేస్తే అమ్మకాలు పెరుగుతాయని 1880ల్లోనే అక్కడి పొగాకు కంపెనీలు కనిపెట్టాయి. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల్లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు కొన్నే బయటికొచ్చాయి. తన బొమ్మ వాడొద్దని ఆయన అడ్డుకున్నాడు. పిల్లలు తన కోసం పొగాకు కొనడం ఇష్టం లేకనని కొందరు, తనకేమీ ముట్టజెప్పలేదనని మరికొందరు అంటారు. ఆయన పిట్స్‌బర్గ్ జట్టువాడు, ఆ చుట్టుపక్కల పుట్టినవాడు. పొగాకు ఊళ్లో పెట్టెలేరుకున్న నేను తిన్నగా వాగ్నర్ ఊరికే వెళ్లి పడ్డానన్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా కాలానికి కార్డులు పొగాకుతో కాదు, బబుల్ గమ్‌తో వచ్చేవి. వేసేది టాప్స్ కంపెనీ ఒక్కటే. మా వీధి మలుపులో మందుల షాపు ఉండేది. మందులతో పాటు చాక్లెట్లు, పత్రికలు, ఐస్‌క్రీము అన్నీ అందులోనే. గల్లా పక్కన అట్టపెట్టెలో కార్డుల పొట్లాలు పేర్చి ఉండేవి. పొట్లం పది సెంట్లు, లోపల పది కార్డులు. మైనం పూసిన కాగితం మడత వెనకవైపు అతికించి ఉంటుంది. గోటితో ఎత్తితే టప్పుమని ఊడొస్తుంది. ముందు తీపి వాసన ముక్కుకి కొడుతుంది. తర్వాత గులాబీ రంగు గమ్ పలక, దాని మీద పిండిలాంటి చక్కెర పొడి. చలికాలమైతే ఆ పలక గాజులా ముక్కలయ్యేది. నములుతుంటే మెత్తబడేలోగా తీపి అయిపోయేది. గమ్‌ని ఆనుకున్న కార్డు మీద నలుపలకల జిడ్డు మరక పడేది. ఆ మరక ఏ పామరుడి కార్డు మీద పడినా పర్వాలేదు, మనవాడి మీద పడకూడదని వేడుకుంటూ విప్పేవాళ్లం. తర్వాత అరుగు మీద కూర్చుని పేకముక్కల్లా ఒక్కొక్కటీ వెనక్కి తోస్తూ అందరం కలిసి పాటలాగా అనేవాళ్లం: ఉంది, ఉంది, ఉంది, కావాలి, ఉంది. అమెరికాలో నేను తడబడకుండా పలికిన మొదటి ఇంగ్లీషు మాటలు అవే.

ఇంగ్లీషు కూడా ఆ కార్డుల వెనకే నేర్చుకున్నాను. 1970 కార్డుల వెనక ఆటగాడు ఆడిన ప్రతి ఏడాదికీ ఒక వరస ఉండేది. ఎన్ని ఆటలు, ఎన్ని హిట్లు, బ్యాటింగ్ సగటు ఎంత. పక్కన చిన్న కార్టూను. అంకెలు ముందే వచ్చు కనక, వాటి నెత్తిన ఉన్న మాటల అర్థం అంకెల్ని బట్టి ఊహించేవాణ్ని. మూడో నెలకి కార్టూను కింద మాటలు చదివి నవ్వడం వచ్చింది. మరోపక్క సముద్రం మీదుగా ఆలస్యంగా వచ్చే చందమామలు అమ్మ నాచేత పైకి చదివించేది. నా రెండు భాషలూ ఒకే మంచం కింద రెండు అట్టపెట్టెల్లో ఉండేవి.

బడిలో నా పేరు పోయింది. సాంబశివరావు మా తాతగారి పేరు. మొదటి రోజే టీచరు రెండుసార్లు ప్రయత్నించి, చిరునవ్వు నవ్వి, నన్ను శామ్ అంది. ఆవిడ ప్రేమగానే అంది. సాయంత్రానికి బడంతా శామ్ అంది. వారం తిరిగేసరికి మా వీధి కూడా అదే అంది. ఇంటికొచ్చి చెబితే నాన్న "పోనీలేరా, పలకడం తేలిక" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. అన్నం కలిపి ముద్ద చేతిలో పెడుతూ మాత్రం పూర్తి పేరుతో పిలిచింది. ఎప్పుడూ "నాన్నా" అనే మనిషి.

ఆ రోజుల్లోనే, అరుగు మీది నలుగురిలో ఒకడైన పక్కింటివాడు నాకు ఒక పాత కార్డు ఇచ్చాడు. 1969ది. మూల మీద రంగు గుండ్రంలో బాబ్ క్లెమెంటే అని ఉంది. పిట్స్‌బర్గ్ పైరేట్స్ జట్టు, కుడివైపు అవుట్‌ఫీల్డర్, చొక్కా మీద 21. రెండు రోజులకి నేను కొన్న పొట్లంలో అదే మనిషి వచ్చాడు, 1970 కార్డు, బూడిదరంగు అంచు. ఇక్కడ పేరు రొబెర్టో క్లెమెంటే. ఒక మనిషికి రెండు పేర్లేమిటి? వాణ్ని అడిగాను. వాడికీ తెలియదు. వాళ్ల నాన్న హోమ్‌స్టెడ్ ఉక్కు మిల్లులో పని చేసేవాడు, పగటి షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద బూట్లు విప్పుకుంటున్నాడు. ఆయన చెప్పాడు: అతని పేరు రొబెర్టోనే, ప్యూర్టో రికో మనిషి, బాబ్ అంటే అతనికి గిట్టదు.

ఆ మాటతో నాకు మనిషి దొరికాడు. తర్వాత నా పోగులో ఒక్కొక్కటే చేరుతుంటే కథ మొత్తం తేటపడింది. 1955, 1956 కార్డుల మీద టాప్స్ రొబెర్టో అనే వేసింది. 1957 నుంచి 1969 దాకా, పదమూడేళ్లు, బాబ్ అని అచ్చేసింది. రేడియోలో బాబీ అనేవారు. తొలి రోజుల్లో పత్రికలవాళ్లు ఆయన ఇంగ్లీషు యాసని యాసగానే అచ్చేసి నలుగురిలో నవ్వులపాలు చేసేవారు. ఆ పదమూడేళ్లలోనే ఆయన నాలుగుసార్లు, 1961, 1964, 1965, 1967లో, నేషనల్ లీగ్ మొత్తానికి మొదటి సగటు కొట్టాడు. పేరు తప్పుగా, లెక్క మాత్రం ఒప్పుగా ఒకే అట్ట మీద అచ్చయ్యేవి.

ఒక రాత్రి ఆ 1969 కార్డు తీసి, బాల్‌పెన్నుతో బాబ్ అన్న మాటని అడ్డంగా కొట్టేశాను. పక్కనున్న ఆకాశం జాగాలో తెలుగులో రొబెర్టో అని రాశాను. తెలుగులో ఎందుకంటే, బడిలో ఎవరైనా చూసినా చదవలేరని. బె పక్కన రకారం పెట్టి, కింద టవత్తు ఇరికించేసరికి చోటు చాలక అక్షరం అంచు దాకా పాకింది. గట్టిగా నొక్కి రాసినందుకు వెనకవైపు కూడా గుర్తు తేలింది. కార్డు వెనక్కి తిప్పి వేలితో తడిమితే ఈ రోజుకీ ఆ అక్షరాలు చేతికి తగులుతాయి.

1971 నా జీవితంలో పెద్ద వేసవి. ఆ ఏడు కార్డులకి నల్లంచు. చూడ్డానికి ఎంత బాగుండేవో పట్టుకోవడానికి అంత కష్టం, వేలు తగిలితే చాలు మూలలు తెల్లగా లేచిపోయేవి. మొత్తం 752 కార్డులు. అయితే అన్నీ ఒకేసారి వచ్చేవి కావు. వసంతంలో మొదటి విడత, తర్వాత కొన్ని వారాలకొకటి చొప్పున ఆకురాలే కాలం దాకా వచ్చేవి. ఆగస్టు వచ్చేసరికి పిల్లలకి ఆసక్తి తగ్గేది, దుకాణాలవాళ్లు తక్కువ తెప్పించేవాళ్లు, అందుకే పెద్ద నంబర్ల కార్డులు అరుదు. క్లెమెంటే నంబరు 630. అంటే వేసవంతా పొట్లాలు కొన్నా వచ్చేది కాదు. మందుల షాపు ఆయన్ని రోజూ అడిగేవాళ్లం, కొత్త పెట్టె విప్పారా అని. ఆయన అరమీదికి చేయి చాపితే మా ఊపిరి ఆగిపోయేది. చివరికి అది పక్కింటివాడికి వచ్చింది. నలభై కార్డులు ఇస్తానన్నాను. వాడు తల అడ్డంగా ఊపాడు. మర్నాడు పొద్దున్నే మా అరుగు మీద పెట్టి బడికెళ్లిపోయాడు.

అదే ఏడు అక్టోబరులో పైరేట్స్ బాల్టిమోర్‌తో వరల్డ్ సిరీస్ ఆడారు. 13వ తేదీ నాలుగో ఆట మా ఊళ్లోనే, త్రీ రివర్స్ స్టేడియంలో. వరల్డ్ సిరీస్ చరిత్రలో రాత్రిపూట ఆడిన మొదటి ఆట అది. పక్కింటివాళ్ల టీవీ ముందు మేం ముగ్గురం కూడా కూర్చున్నాం. అమ్మ జంతికలు పట్టుకొచ్చింది. ఏడు ఆటల్లో ఏడింటా క్లెమెంటే హిట్లు కొట్టాడు, సగటు .414, సిరీస్ గెలిచాక అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనకే. నాకు వాటికంటే బాగా గుర్తున్నది ఆట అయ్యాక. టీవీ మైకు ఆయన ముందు పెట్టారు. ఇంగ్లీషులో మాట్లాడబోయే ముందు ఆయన స్పానిష్‌లో నాలుగు మాటలన్నాడు. గదిలో ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, దేశమంతా చూస్తుండగా ఊళ్లో ఉన్న తల్లిదండ్రులని పలకరించి, వాళ్ల దీవెన అడిగాడని. మర్నాడు పేపర్లో చూసి నాన్న ఆ ముక్క అమ్మకి చెప్పాడు. అమ్మ చేస్తున్న పని ఆపి, "ఆ అబ్బాయి కార్డు ఏదిరా, ఇలా తే" అంది. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. నేను తెలుగులో రాసుకున్న అక్షరాలు అప్పుడే ఆవిడ కంటబడ్డాయి. నన్నేమీ అడగలేదు.

మరుసటేడు సెప్టెంబరు 30న ఆయన మూడువేలో హిట్టు కొట్టాడు. చలిగాలి, మబ్బు, స్టేడియంలో పదమూడు వేల మందే. వాళ్లలో నేనూ నాన్నా ఉన్నాం. డిసెంబరు 23న నికరాగువా రాజధాని మనాగువాలో భూకంపం వచ్చింది. అక్కడి బాధితులకి పంపిన సరుకులు దారి మళ్లుతున్నాయని విని, తానే వెంట వెళ్తానని డిసెంబరు 31 రాత్రి సాన్ హువాన్‌లో పాత సరుకుల విమానమెక్కాడు. అది ఎగిరిన కాసేపటికే సముద్రంలో పడింది. ఆయన దేహం దొరకలేదు. కొత్త సంవత్సరం పొద్దున రేడియో పెట్టి ఉంది, అమ్మ దేవుడి దగ్గర దీపం పెడుతోంది. పక్కింటివాడు చొక్కా మీదే మంచులో మా గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడూ నేనూ మెట్ల మీద కూర్చున్నాం. ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

వసంతంలో కొత్త కార్డులు వచ్చాయి. నంబరు 50, రొబెర్టో క్లెమెంటే. మొదటి విడతే కాబట్టి తేలిగ్గానే దొరికింది. వెనక పద్దెనిమిదేళ్ల వరసలు, అడుగున మొత్తం హిట్లు: 3000. ప్రతి ఏడూ కొత్త కార్డు రాగానే కిందటేటి అంకె మీద ఎంత పెరిగిందో కూడుకోవడం మా అలవాటు. ఆ కార్డు మీద మాత్రం కూడేది ఏమీ లేదు. ఆ పొట్లంలోని గమ్ నేను నమల్లేదు.

తర్వాతి సంగతులు వేగంగా నడిచాయి. 1974 నుంచి టాప్స్ కార్డులన్నీ ఒకేసారి వేసింది, దాంతో ఆ విడతల ఎదురుచూపు పోయింది. 1976లో పెన్ హిల్స్ కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి కట్టారు. ఆదివారం పులిహోర, దద్దోజనం తిన్నాక కింది హాల్లో తెలుగు పిల్లలు గుంపు కట్టేవాళ్లు. నాకంటే చిన్నవాళ్లు, అక్కడే పుట్టినవాళ్లు. కార్డులు మార్చుకోవడానికి వాళ్లు నన్ను మధ్యవర్తిగా పెట్టుకునేవాళ్లు. "అన్నయ్యా, దీనికి అది ఇస్తే న్యాయమేనా?" అని అడిగేవాళ్లు. ప్రసాదం చేతులతో కార్డులు ముట్టుకోవద్దని వాళ్లని కసురుకునేవాణ్ని.

1981లో ఫ్లీర్, డాన్‌రస్ అనే కంపెనీలు కూడా రంగంలోకి దిగాయి. పాత కార్డులు డబ్బవుతాయని పెద్దవాళ్లకి తెలిసింది. 1952 టాప్స్ కార్డులు అమ్ముడుపోక మిగిలితే 1960లో కంపెనీ మనిషే వాటిని పడవకెత్తించి అట్లాంటిక్‌లో పారబోయించాడు. ఆ వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో కోటీ ఇరవయ్యారు లక్షల డాలర్లకి పోయింది. అదే ఏడు వాగ్నర్ కార్డొకటి డెబ్బైరెండున్నర లక్షల డాలర్లు పలికింది. 1980ల చివర ఈ ఆశతోనే జనం కార్డుల్ని పెట్టెలకి పెట్టెలు కొని విప్పకుండా దాచారు. కంపెనీలు కుప్పలుగా అచ్చేశాయి. అందరి దగ్గరా ఉన్నదానికి విలువ ఎక్కడుంటుంది? బ్రాడీపేటలో చార్మినార్ బచ్చా అంటే ఏమిటో తెలిసిన ఏ పిల్లాడైనా చెప్పగలడు. 1992కల్లా పొట్లంలోంచి గమ్ కూడా పోయింది. మరక పడితే కార్డు ధర పడిపోతుందని కొనేవాళ్లు గోల పెట్టారు.

ఇవన్నీ జరుగుతుండగానే మా వీధి ఖాళీ అయింది. ఉక్కు మిల్లులు ఒకదాని తర్వాత ఒకటి మూతపడ్డాయి. హోమ్‌స్టెడ్ మిల్లు 1986లో మూసేశారు. పక్కింటివాళ్లు అంతకు మూడేళ్ల ముందే ఇల్లమ్ముకుని హ్యూస్టన్ వెళ్లిపోయారు. సామాను లారీకెక్కించే రోజు వాడు తన కార్డుల పెట్టె మా అరుగు మీద పెట్టాడు. బూట్లు కొన్న పాత అట్టపెట్టె, నాలుగు మూలలా టేపు. అక్కడ అద్దింట్లో చోటుండదు, నీ దగ్గర ఉంచు అన్నాడు. మందుల షాపు కూడా ఆ ఏడే మూసేశారు. ఆ అరుగుల మీద కార్డులు విసిరే పిల్లల్ని నేను మళ్లీ చూడలేదు.

ఒకసారి, పదిహేనేళ్ల కిందట, నా కార్డులు కొన్ని ఒక వ్యాపారికి చూపించాను. ఇప్పుడు కార్డుని ప్లాస్టిక్ పలకల మధ్య సీలు చేసి, ఒకటి నుంచి పది దాకా మార్కులేసి అమ్ముతారు. సీలు వేశాక దాన్ని ఎవరూ వేలితో ముట్టుకోలేరు. ఆయన నల్లంచు 630 చూసి తల పంకించాడు, మూలలు పోయాయి కానీ పర్లేదన్నాడు. తర్వాత 1969ది తీశాడు. బాల్‌పెన్ను గీత చూసి, ఎవరో పాడు చేశారు, దీనికేమీ రాదు అని పక్కన పెట్టేశాడు. నేను దాన్ని వెంటనే తీసి జేబులో పెట్టుకున్నాను. మిగతావి కూడా ఆయనకి అమ్మలేదు.

కూపర్స్‌టౌన్ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో క్లెమెంటే ఫలకాన్ని 1973లోనే పెట్టారు. ఆట ముగిశాక ఐదేళ్లు ఆగాలన్న నియమాన్ని ఆయన కోసం పక్కన పెట్టారు. కానీ దాని మీద ఆయన పేరు రొబెర్టో వాకర్ క్లెమెంటే అని పోత పోశారు. వాళ్ల దేశపు పద్ధతిలో తల్లి ఇంటిపేరు చివర రావాలి, రొబెర్టో క్లెమెంటే వాకర్ అని. ఇంటిపేరు ముందుండే మనకి ఆ తప్పు ఎంత పెద్దదో వేరే చెప్పక్కర్లేదు. 2000లో ఆ ఫలకం తీసేసి, పేరు సరిచేసి కొత్తది పోశారు. ఆ సంగతి పేపర్లో చదివిన రోజున అమ్మకి ఫోను చేశాను. "అయితే వాళ్లు కూడా కొట్టేసి రాశారన్నమాట" అంది. ముప్పై ఏళ్లలో ఆ కార్డు మీది నా రాత గురించి ఆవిడ నాతో అన్న మాట అదొక్కటే.

పిట్స్‌బర్గ్ ఓక్‌లండ్‌లో పాత ఫోర్బ్స్ ఫీల్డ్ స్టేడియం ఇటుక గోడ కొంత ఇప్పటికీ నిలబడి ఉంది. నేను అమెరికా చేరడానికి రెండు నెలల ముందే అందులో చివరి ఆట అయిపోయింది. ఏటా అక్టోబరు 13న అభిమానులు కుర్చీలు తెచ్చుకుని ఆ గోడ దగ్గర చేరతారు. 1960లో అదే రోజు పైరేట్స్ వరల్డ్ సిరీస్ గెలిచిన ఆట రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి చివరిదాకా వినిపిస్తారు. పైరేట్స్ ఆటగాడు మజరోస్కీ కొట్టిన చివరి హోమ్‌రన్ అప్పట్లో 3 గంటల 36 నిమిషాలకి పడింది కాబట్టి, ఇప్పుడూ అదే నిమిషానికి పడేలా మొదలుపెడతారు. ఆరేళ్ల కిందట హ్యూస్టన్ నుంచి వాడూ వచ్చాడు. జుట్టు తెల్లబడింది, మోకాలికి ఆపరేషనైంది. అప్పటి నుంచి ఏటా వస్తున్నాడు. టేపు వేసిన ఆ బూట్ల పెట్టె మొదటిసారే వాడి ముందు పెట్టాను. వాడు మూత తీసి, వాసన చూసి, మళ్లీ నా వైపే తోశాడు. నీ దగ్గరే ఉంచు అన్నాడు.

కిందటేడు నేను 1988 కార్డులు ఒక కట్ట తీసుకెళ్లాను. ఎవరూ కొనని రకం, కొత్తగా నిగనిగలాడుతున్నాయి. రేడియోలో ఏడో ఇన్నింగ్స్ నడుస్తోంది. జనానికి కాస్త ఎడంగా, గోడకి ఆరడుగుల దూరంలో ఇద్దరం నిలబడ్డాం. వాడు కార్డుని వేళ్ల మధ్య ఇరికించి, "చూసుకో సాంబశివరావ్" అని మణికట్టు విదిల్చాడు. ఆ పేరు పలకడం ఎప్పుడు నేర్చుకున్నాడో నేనడగలేదు. కార్డు గాల్లో రెండు పల్టీలు కొట్టి, మూల నేలకి తగిలి, గోడకి ఆనుకుని నిటారుగా నిలబడిపోయింది. లీనర్.

నేను కట్టలోంచి ఒక కార్డు తీశాను.